కిరాయికి సర్కారు సాయం ఉందా? చాందా నుంచి ఒక చెల్లెలి ప్రశ్న

"అన్నా, మాది మహారాష్ట్రలో సిరొంచ తాలూకాలో ఒక ఊరు. ఆరేళ్లుగా చాందా (చంద్రపూర్)లో లాల్‌పేట్ వైపు రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉంటున్నాం. మా ఆయన బొగ్గు టిప్పర్ నడుపుతాడు, నెలకు 14,000 వస్తాయి. నేను బ్లౌజులు కుట్టి 3,500 దాకా తెస్తాను. ఇంటి కిరాయి 4,000, కరెంటుకు 600. బాబు పన్నెండో తరగతి 68 శాతంతో పాసై ఈ ఏడే నాగ్‌పూర్‌లో బీఎస్సీలో చేరాడు. నలుగురు పిల్లలు కలిసి రూమ్ తీసుకున్నారు, వాడి వాటా 2,500. పాప ఎనిమిదో తరగతి. మేం ఎస్సీలం. బాబుకి క్యాస్ట్ సర్టిఫికెట్ ఉంది. ఇంటామె వచ్చే నెల నుంచి 5,000 ఇవ్వమంటోంది, లేకపోతే నల్లా బంద్ చేస్తానంటోంది. కాగితం ఏమీ రాసుకోలేదు. అమెరికాలో పేదవాళ్ల కిరాయి గవర్నమెంటే కడుతుందని యూట్యూబ్‌లో చూశాను. ఇక్కడ కూడా 'ప్రధానమంత్రి కిరాయి యోజన' వచ్చిందని, 1,500 ఇస్తే ఫారం నింపిస్తానని ఒకతను మా గల్లీలో తిరుగుతున్నాడు. ఆధార్ జిరాక్స్ ఇచ్చాను, డబ్బులు ఇంకా ఇవ్వలేదు. ఇవ్వమంటారా?"

ఇవ్వకండి చెల్లెమ్మా. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మిగతా సంగతులు మాట్లాడుకుందాం.

కుటుంబం ఖాతాలో నెలనెలా కిరాయి డబ్బు వేసే కేంద్ర పథకం మన దేశంలో లేదు. ఉన్న ఇళ్ల పథకాలకు కూడా ఫారం నింపడానికి ఎవరి చేతిలోనూ 1,500 పెట్టాల్సిన పని లేదు. అతను మళ్లీ వచ్చి "ఫోన్‌కి నంబర్ వస్తుంది, చెప్పండి" అంటే అదే ఓటీపీ. చెప్పారా, 1,500తో ఆగదు. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయాలి, రేపు చూద్దాం అనుకుంటే దొరకదు. ఇచ్చిన జిరాక్స్ గురించి మరీ టెన్షన్ పడకండి కానీ, ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ అని ఉంటుంది, బాబుతో అది పెట్టించుకోండి. ఇకముందు ఎవరికి జిరాక్స్ ఇచ్చినా దాని మీద అడ్డంగా ఎందుకోసం ఇస్తున్నారో, తేదీతో సహా పెన్నుతో రాసి ఇవ్వండి. నేను గ్యాస్ కనెక్షన్‌కి ఇచ్చినా అలాగే రాస్తాను. కౌంటర్ దగ్గర వాళ్లు ఒక చూపు చూస్తారు. చూస్తే చూడనీ.

మీరు యూట్యూబ్‌లో చూసింది అబద్ధం కాదు. అమెరికాలో 1974 నాటి చట్టంతో వచ్చిన 'సెక్షన్ 8' అనే పద్ధతి ఉంది. దాని కింద ఇచ్చే వోచర్ ఉన్న కుటుంబం తన ఆదాయంలో దాదాపు 30 శాతం కిరాయికి కడితే, మిగిలింది ప్రభుత్వం నేరుగా ఇంటి ఓనరుకి ఇస్తుంది. ఓనరు ఒప్పుకోవాలి, ఇల్లు తనిఖీలో పాస్ కావాలి. వీడియోలో చెప్పి ఉండరు కానీ, అక్కడ అర్హత ఉన్నవాళ్లలో ఇలాంటి సాయం అందేది దాదాపు నలుగురిలో ఒకరికి. మిగతా వాళ్లు ఏళ్ల తరబడి లైన్లో ఉంటారు.

మన దగ్గర సర్కారు ఆలోచన వేరేలా నడిచింది. కిరాయి కట్టే మనిషికి డబ్బు ఇవ్వడం కన్నా, తక్కువ కిరాయికి ఇచ్చే ఇళ్లు కట్టేవాళ్లకు ఆసరా ఇవ్వాలని. కరోనా ఏడాది వలస కూలీలు నడిచి ఊళ్లకు పోయాక, 2020లో ఈ కిరాయి ఇళ్ల సముదాయాల పథకం పెట్టారు. 2024 సెప్టెంబర్‌లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం రెండో దఫాలో కూడా దాన్ని ఒక భాగంగా ఉంచారు. ఖాళీగా పడి ఉన్న సర్కారు ఇళ్లను బాగుచేసి కిరాయికి ఇవ్వడం ఒక దారి, ఫ్యాక్టరీలు, సంస్థలు తమ జాగాలో కట్టి కిరాయికి ఇవ్వడం ఇంకో దారి. కూలీలు, వీధి వ్యాపారులు, చదువుకునే పిల్లలు, ఉద్యోగాలు చేసే ఆడవాళ్లు వీటిలో ఉండొచ్చు. కానీ ఆ ఇళ్లు కట్టిన చోటే ఉంటాయి, మీ లాల్‌పేట్ ఇంటి కిరాయి మాత్రం తగ్గదు. చాందా కార్పొరేషన్‌కి వేరే పని మీద పోయినప్పుడు గృహనిర్మాణ విభాగంలో ఒకసారి అడగండి, దానికోసం కూర్చోవద్దు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ఉత్తరం చదవగానే నేను కవరు వెనకాల రాసుకున్నది ఇదే. ఇద్దరి సంపాదన కలిపి 17,500. అందులో 30 శాతం అంటే 5,250. చాందా ఇంటికి కిరాయి, కరెంటు కలిపి 4,600. అంటే ఆ ఇల్లొక్కటే చూస్తే మీరు అమెరికా లెక్కలో కూడా హద్దు దాటలేదు! దానికి నాగ్‌పూర్ రూమ్ 2,500 కలిస్తే 7,100 అవుతోంది, సంపాదనలో 40 శాతం. ఇంటామె వెయ్యి పెంచితే 8,100. కుండకి చిల్లు ఉన్నది నాగ్‌పూర్‌లో. మీరేమో చాందాలో మాటు వేస్తున్నారు.

కిరాయికి సర్కారు సాయం లేదన్నాను కదా. మహారాష్ట్రలో చదువుకునే పిల్లలకు ఉంది. మీ ఇంట్లో దానికి సరిగ్గా సరిపోయే పిల్లవాడున్నాడు, మీకెవరూ చెప్పలేదు. ఎస్సీ, నవబౌద్ధ (ఎస్సీల్లో బౌద్ధం తీసుకున్న) విద్యార్థులకు డాక్టర్ బాబాసాహెబ్ ఆంబేడ్కర్ స్వాధార్ యోజన 2016-17 నుంచి నడుస్తోంది. పదో తరగతి తర్వాత బయటి ఊళ్లో చదువుతూ, సర్కారు హాస్టల్‌కి అర్హత ఉండి కూడా సీటు దొరకని పిల్లలకు తిండికి, ఉండటానికి, చేతి ఖర్చుకి డబ్బు నేరుగా ఖాతాలో వేస్తారు. ముంబై, పుణే, నాగ్‌పూర్ లాంటి నగరాలకు పెట్టిన లెక్క ఏడాదికి 60,000. తిండికి 32,000, నివాసానికి 20,000, చేతి ఖర్చుకి 8,000. చిన్న ఊళ్లలో ఇది తక్కువ, జిల్లా కేంద్రాల స్థాయిలో 43,000. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. మీది 2,10,000. మార్కుల పట్టింపు ఉంది కానీ 68 శాతానికి భయం లేదు. తను చదివే ఊరివాడే అయి ఉండకూడదు, మీవాడు కాడు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది పిల్లలు అక్కడే జారిపోతున్నారు. ముందు హాస్టల్‌కి అప్లై చేసి ఉండాలి. "హాస్టల్‌లో తిండి బాగుండదట, మేం రూమ్ తీసుకుంటాం" అని దోస్తులంతా కలిసి తీర్మానం చేసుకుని హాస్టల్ ఫారమే నింపరు. ఫారం నింపనివాడికి సీటు రాలేదని ఎలా అంటారు? బాబు హాస్టల్‌కి అప్లై చేశాడా అని ఇవాళే ఫోన్ చేసి అడగండి. సీటు వస్తే ఇంకా మంచిది, 2,500 కిరాయి ఉండదు, తిండి ఖర్చూ తగ్గుతుంది. రాకపోతే స్వాధార్. రెండిటికీ గుమ్మం ఒకటే, నాగ్‌పూర్‌లో సమాజ కల్యాణ్ (సాంఘిక సంక్షేమ) శాఖ సహాయక ఆయుక్తుల, అంటే అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసు. అక్కడికి వాడే పోవాలి, మీరు చాందా నుంచి బస్సు ఖర్చు పెట్టుకుని పోవద్దు. ఈ ఏడు గడువు దాటిపోయి ఉంటే వచ్చే ఏడు ఎప్పుడు తెరుస్తారో అక్కడే కనుక్కుని క్యాలెండర్ మీద గుర్తు పెట్టమనండి.

కాగితాల్లో క్యాస్ట్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చే ఉత్పన్న దాఖలా (ఆదాయం సర్టిఫికెట్), ఆధార్‌తో లింక్ అయిన బ్యాంకు ఖాతా, కాలేజీ బోనఫైడ్ (అక్కడ చదువుతున్నట్టు ఇచ్చే కాగితం), రూమ్ కిరాయికి ఉంటున్నట్టు రుజువు అడుగుతారు. ఆ ఆఖరిదే చిక్కు. నలుగురు పిల్లలున్న రూమ్‌కి కరార్‌నామా, అంటే కిరాయి ఒప్పందం, ఒక్కడి పేరు మీదో, ఎవరి పేరు మీదా లేకుండానో ఉంటుంది. నలుగురి పేర్లూ రాయించమనండి. ఉత్పన్న దాఖలా కోసం మీ ఆయన జీతానికి స్లిప్ లేదని భయపడకండి. తలాఠి (ఊరి రెవెన్యూ ఉద్యోగి) విచారించి రాసేదాని మీద తహసీల్‌లో ఇస్తారు, సర్కారు దాఖలాలకు అప్లై చేసే సేతు కేంద్రంలో అప్లై చేయొచ్చు. అక్కడ రేటు బోర్డు గోడకు ఉంటుంది, దాన్ని చూసే డబ్బివ్వండి. ఇంకొకటి, డబ్బు నెలనెలా ఫస్టు తారీఖున పడుతుందనుకోవద్దు. విడతల్లో వస్తుంది, ఆలస్యంగా వస్తుంది, హాజరు తగ్గితే ఆగుతుంది. ముందు మీరు కట్టి, తర్వాత అది వచ్చి అప్పు తీర్చినట్టు ఉంటుంది. అయినా 60,000 అంటే నెలకు 5,000 చొప్పున పడినట్టే. మీ ఇంటామె అడుగుతున్న మొత్తం కూడా అంతే, చూశారా.

ఈ ఉత్తరం చదివే వేరేవాళ్ల కోసం నాలుగు మాటలు. ఎస్టీ పిల్లలకు ఇలాంటిదే పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ స్వయం యోజన ఉంది, అది ఆదివాసి శాఖ చూస్తుంది. ఓబీసీ పిల్లలకు జ్ఞానజ్యోతి సావిత్రిబాయి ఫులే ఆధార్ యోజన వచ్చింది. పేరులో ఆధార్ ఉందని ఆధార్ కార్డుతో కలిపేసుకోకండి, సేతు కేంద్రంలోనే ఒకాయన కలిపేసుకోవడం నా కళ్లతో చూశాను. అన్నిటికీ మూలం క్యాస్ట్ సర్టిఫికెట్. ఇక్కడే మన తెలుగువాళ్లు రెండుగా చీలిపోతారు. మహారాష్ట్రలో ఎస్సీ సర్టిఫికెట్ కావాలంటే 1950 ఆగస్టు 10కి ముందు నుంచి కుటుంబం ఈ రాష్ట్రం హద్దుల్లో ఉన్నట్టు చూపాలి. ఎస్టీకి 1950 సెప్టెంబర్ 6, ఓబీసీకి 1967 అక్టోబర్ 13. సిరొంచవాళ్లు తాతల నాటి నుంచి ఇక్కడివాళ్లే కాబట్టి తాత స్కూలు దాఖలా దొరక్కపోయినా, ఊరి కొత్వాల్ బుక్‌లో ముత్తాత పుట్టుకో చావో కులంతో సహా రాసి ఉంటుంది, నకలు తీసుకోవచ్చు. గనుల్లో పనికని ఆ తేదీ దాటాక ఆదిలాబాద్ నుంచో కరీంనగర్ నుంచో వచ్చినవాళ్ల మనవళ్లకు మాత్రం ఇక్కడ పుట్టినా ఇక్కడి రిజర్వేషన్ సాయం అందదు. అన్యాయంగానే అనిపిస్తుంది, మూడు తరాలు ఇదే బొగ్గు మసి మింగారు కదా. కానీ ఏజెంటు "నేను చేయిస్తా" అంటే నమ్మి తప్పుడు దాఖలా తీసుకుంటే, వ్యాలిడిటీ (కుల దాఖలా నిజమేనా అని చేసే తనిఖీ) దగ్గర పట్టుబడి పిల్లవాడి డిగ్రీకే ఎసరొస్తుంది. చెల్లెమ్మా, మీవాడి కాగితం సిరొంచది కాబట్టి మీకా బాధ లేదు. వ్యాలిడిటీ కూడా ఇప్పుడే చేయించి పెట్టుకోండి.

ఇక ఇంటామె సంగతి.

మా చిన్నప్పుడు మేం ఒక పిండిగిర్నీ వెనకాల గదిలో కిరాయికి ఉండేవాళ్లం. మా నాయన కిరాయి ఇచ్చినప్పుడల్లా ఇంటాయన గిర్నీ గోడ మీద బొగ్గుముక్కతో ఒక గీత గీసేవాడు. నెలకొక గీత, అయిదో గీత అడ్డంగా. రెండేళ్లు అలాగే నడిచింది. ఒక దీపావళికి గిర్నీకి సున్నం వేశారు. మర్నాడు ఇంటాయన వచ్చి మూడు నెలల కిరాయి బాకీ అన్నాడు. మా నాయన గోడ వైపు చూశాడు, గోడ తెల్లగా మెరుస్తోంది. ఏం మాట్లాడకుండా మూడు నెలల కిరాయీ కట్టాడు. ఇంటాయన మోసగాడు కాదు, నిజంగానే మర్చిపోయి ఉంటాడని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోను.

మీ గోడ కూడా అలాంటిదే. మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం 1999లో 55వ సెక్షన్ ప్రకారం కిరాయి ఒప్పందం రాతలో ఉండాలి, రిజిస్టర్ కావాలి. పదకొండు నెలలకే రాసుకుంటే రిజిస్టర్ అక్కర్లేదని అందరూ అంటారు, ఈ రాష్ట్రంలో ఆ మాట చెల్లదు. రిజిస్టర్ చేయించే బాధ్యత ఓనరుదే. చేయించకపోతే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రిజిస్టరైన కాగితం లేనప్పుడు షరతులు ఏమిటన్న తగాదా వస్తే, అది తప్పని రుజువయ్యే దాకా కిరాయిదారు మాటే నిలుస్తుంది. అంటే కాగితం లేకపోవడం మీకన్నా ఆమెకే ఎక్కువ ప్రమాదం. కిరాయి తీసుకున్నప్పుడు రసీదు ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. సరైన కారణం లేకుండా నీళ్లూ కరెంటూ ఆపకూడదని ఉంది. ఈ చట్టం కిందికి వచ్చే కిరాయిదారుకి కిరాయి ఏడాదికి 4 శాతం పెంచుకోవచ్చని కూడా ఉంది. మీ 4,000 మీద అది 160 రూపాయలు, వెయ్యి కాదు.

ఇవన్నీ రాశానని రేపు పొద్దున ఆమె గుమ్మం ముందు నిలబడి సెక్షన్లు చదవకండి. ఆరేళ్లు ఒకే నల్లా దగ్గర నీళ్లు పట్టుకున్నవాళ్లు మీరు. ఆమెకూ వెనక ఏదో ఖర్చు ఉండి ఉంటుంది. టీ తాగే వేళకు పోయి, "గ్యాస్‌కి, బ్యాంకుకి కిరాయి కాగితం కావాలి, మీరు కాగితం రాసిస్తే నేను 4,300 ఇస్తాను, ఏడాది దాకా మళ్లీ పెంచొద్దు" అనండి. కాగితం ఖర్చు సగం మీరు పెట్టుకుంటామనండి. కార్పొరేషన్ హద్దులో లీవ్ అండ్ లైసెన్స్ (ఇక్కడ మామూలుగా రాసుకునే కిరాయి ఒప్పందం) రిజిస్ట్రేషన్ ఫీజు 1,000, దాని మీద స్టాంపు డ్యూటీ కొంత ఉంటుంది. ఆ కాగితం మీకు గ్యాస్‌కి, బ్యాంకుకి, ఓటరు అడ్రసుకి, అన్నిటికీ పనికొస్తుంది. ఆమె రాయనంటే ఒక పని మాత్రం మానకండి. కిరాయి చేతికి ఇవ్వకుండా ప్రతి నెలా ఒకే తారీఖున ఫోన్‌పేలో వేసి, కింద "జూన్ కిరాయి" అని రాయండి. ఆ గోడకు ఎవరూ సున్నం వేయలేరు.

కరెంటు 600 దగ్గర నాకు అనుమానం ఉంది. ఫ్యాను, రెండు లైట్లు, టీవీ, కుట్టుమిషను ఉన్న ఇంటికి అది ఎక్కువేమో. సబ్‌మీటర్ పెట్టి ఆమె సొంత రేటు వేస్తోందేమో. నెల మొదట్లో, చివర్లో మీటరు ఫోటో తీసి యూనిట్లు లెక్క కట్టండి. ఆమె మెయిన్ బిల్లు మీద యూనిట్ ఎంత పడిందో ఒకసారి చూడనివ్వమని అడగండి. గొడవ పెట్టుకోమని కాదు, తెలిస్తే బేరంలో పనికొస్తుంది.

మీరు రాయని రెండు సంగతులు అడుగుతాను. రేషన్ ఎక్కడ తీసుకుంటున్నారు? కార్డు సిరొంచలో ఉందని నెలకోసారి అక్కడి నుంచి అత్తగారు బస్సులో బియ్యం పంపుతుంటే ఆపేయండి. ఒకే దేశం ఒకే రేషన్ కింద మీ కార్డు మీద చాందాలోనే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. మనిషికి అయిదు కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితం. రెండోది, మహారాష్ట్ర సర్కారు ఆడవాళ్లకు నెలనెలా ఇచ్చే లాడ్కీ బహీణ్ 1,500 మీకు పడుతోందా? 2024 జూలై నుంచి వస్తున్న సాయం అది, 21 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు, ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉంటే. మొదట్లో పడి మధ్యలో ఆగిపోయి ఉంటే కేవైసీ చూసుకోండి. కిరాయి సాయం అన్న పేరు లేకపోయినా, పాప ట్యూషనో మీ కరెంటు బిల్లో దాంతో గడుస్తుంది.

సొంత ఇంటి మాట ఇప్పుడు ఎత్తొద్దనే నా సలహా. ఆవాస్ యోజన పట్టణ విభాగంలో ఇల్లు కట్టుకోవడానికి రెండున్నర లక్షలు ఇస్తారు, ఆదాయం 3 లక్షల లోపువాళ్లకు. కానీ జాగా మీదై ఉండాలి, చాందాలో మీకు జాగా లేదు. మిగతాది అప్పు చేయాలి. బాబు డిగ్రీ నడుస్తుండగా టిప్పర్ జీతం మీద ఆ బరువు ఎత్తుకోవద్దు. ఒక్కటి మాత్రం తెలిసి ఉండాలి. మీ మామగారికి ఊళ్లో ఘర్‌కుల్ (సర్కారు ఇల్లు) వచ్చి ఉంటే మీకు ఇక రాదని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ పథకంలో కుటుంబం అంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు. మీ పేరు మీద గానీ, మీ ఆయన పేరు మీద గానీ దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేకపోతే మీ దారి తెరిచే ఉంటుంది, బాబు చదువయ్యాక, అప్పటికి పథకం నడుస్తుంటే చూసుకోవచ్చు.

ఇంటామె నిజంగానే నల్లా కట్టేస్తే, పక్కింటివాళ్లు చూస్తుండగా ఫోటో తీసి 15100కి ఫోన్ చేయండి. అది ఉచిత న్యాయ సహాయం నంబరు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఇస్తారు, జిల్లా కోర్టు ఆవరణలోనే వాళ్ల ఆఫీసు ఉంటుంది. దరఖాస్తు మామూలుగా మరాఠీలోనే రాస్తారు. కిరాయి కాగితమూ మరాఠీలో ఉండొచ్చు. మీకూ మీ ఆయనకూ ఆ అక్షరాలు కష్టమైతే బయటివాళ్ల దగ్గరికి తీసుకుపోకండి. పాప ఎనిమిదో తరగతి కదా, మరాఠీ చదువుతుంది. ముందు దానితో రెండుసార్లు పైకి చదివించుకుని, అంకెలు మీరు సరిచూసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి.